కాలేజీలు వచ్చాయి సరే, పాఠం చెప్పేదెవరు?

జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. మరుసటి ఏడాది సిరిసిల్లకు 100 సీట్ల కాలేజీ వచ్చింది. కోరుట్లలో వెటర్నరీ కాలేజీ అంతకు ముందు నుంచే ఉంది. డాక్టర్ చదువంటే హైదరాబాదే అనుకున్న మన కుటుంబాలకు ఇది చిన్న మార్పు కాదు. అయితే సీట్లు పెరిగినంత తొందరగా టీచర్లు తయారుకారు.

అసలు ఇబ్బంది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి సబ్జెక్టుల్లో. ఎంబీబీఎస్ చేసినవారిలో ఎక్కువమంది పేషెంట్లను చూసే పీజీల వైపే పోతారు. అందుకే జాతీయ వైద్య కమిషన్ 2025 జూలైలో నిబంధనలు సడలించింది. మెడికల్ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉన్నవారికి ఈ మూడింటితో పాటు మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యే అవకాశం ఇచ్చింది. నీట్‌లో సీటు రాలేదని ఆగిపోయిన మన ఆడపిల్లలకు ఇదొక దారి. కాకపోతే ఏ ఎమ్మెస్సీ అయినా చాలనుకోవద్దు. చేరేముందే నిబంధన చదువుకోవాలి.

డిగ్రీ ఉంటే పాఠం చెప్పడం వచ్చేస్తుందా? రాదు. పరిశోధనకు గైడ్ ఉంటాడు, బోధనకు మాత్రం ఎవరూ ఉండరు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్ తన సబ్జెక్టు బోధనలో శిక్షణ పొందాలి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పనులు అప్పగించవచ్చు కూడా. అయితే గంటలు అప్పగించినంత మాత్రాన శిక్షణ కాదు. సీనియర్ వెనక బెంచీలో కూర్చుని విని, ఎక్కడ తడబడ్డారో తర్వాత చెప్పాలి.

దీని అవసరం మన పిల్లల దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది. ఇంట్లో తెలుగులో 'నరం' అన్నా, ఉర్దూలో 'నస్' అన్నా, సూది గుచ్చే రక్తనాళానికీ, స్పర్శ తెలిపే నాడికీ ఒకటే మాట. ఆ మాటతో క్లాసుకొచ్చిన పిల్లకు అనాటమీ మొదటి రోజే తికమక. బోధన నేర్చిన టీచర్ అక్కడి నుంచే మొదలుపెడతాడు. నేర్వనివాడు స్లైడ్ చదివి వెళ్లిపోతాడు. ఇంగ్లిష్‌కు భయపడి ఆ పిల్ల అడగదు.

కాబట్టి కాలేజీ చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు బిల్డింగ్ ఒక్కటే చూసి రావద్దు. ఏ సబ్జెక్టుకు ఎంతమంది టీచర్లున్నారో అడగండి. పీహెచ్‌డీలో చేరే పిల్లలు, మాకు క్లాసు చెప్పే అవకాశం ఇస్తారా, విని తప్పొప్పులు చెప్పేదెవరని అడగాలి. రేపు జగిత్యాల, సిరిసిల్ల ఆస్పత్రుల్లో మనల్ని చూసే డాక్టర్లు ఈ క్లాసుల నుంచే వస్తారు.