కావ్యంలో వేవిళ్ళు, ఇంట్లో వేవిళ్ళు

మన కవులకు వేవిళ్ళు ఒక అలంకారం. రాణి ముఖం పాలిపోతుంది, అన్నం సయించదు, మనసు మట్టి మీదికి పోతుంది. అంతా శుభసూచకమే! కాళిదాసు రఘువంశం మూడో సర్గలో సుదక్షిణాదేవి మట్టి తింటే, ఆ వాసన దిలీప మహారాజుకు ఎంతో ఇంపుగా తోస్తుంది. తరగతిలో ఈ ఘట్టం ప్రస్తావించినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది: ఆ మహాతల్లికి పొద్దున లేవగానే వాంతి కాలేదా? అయితే చెంబుతో నీళ్ళు అందించిందెవరు?

మా కర్నూలు, కడప ఇళ్ళల్లో కవిత్వం లేదు గాని, రెండు మాటలు మాత్రం తప్పక వినిపిస్తాయి. "అందరికీ ఉండేదేలే" అన్నది మొదటిది. "మేము జొన్నలు విసురుకుంటూనే కన్నాంలేమ్మా" అన్నది అవ్వగారి మాట. మొదటి మాట చాలావరకు నిజమే. నూటికి 70 మందికి పైగా గర్భిణులకు వికారం ఉంటుంది. ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, 12, 14 వారాలకల్లా చాలామందికి తగ్గిపోతుంది.

అందరికీ ఒకే తీరున ఉండదన్నది మాత్రం మరువరాదు. కడుపులోని బిడ్డ, మాయల నుంచి తల్లి రక్తంలోకి చేరే జీడీఎఫ్-15 అనే హార్మోను ఇందుకు ముఖ్యకారణమని 2023లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అంతకుముందు ఒంట్లో అది తక్కువగా ఉన్న స్త్రీకి బాధ ఎక్కువట. అత్తగార్లూ, ఇది గారాబం కాదు, సోమరితనం అంతకన్నా కాదు!

ఇక ఉపాయాలు. రాత్రే తలాపున గుప్పెడు బొరుగులు పెట్టుకోండి. పక్క మీద ఉండగానే నాలుగు నమిలి, కాసేపాగి లేవండి. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నింపనూ కూడదు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినండి. అల్లం, నిమ్మకాయ కొందరికి మేలు చేస్తాయి. తాలింపు వాసన పడకపోతే ఆ మూడు నెలలూ పొయ్యి దగ్గరికి ఇంకొకరు వెళ్ళాలి. భర్త వెళ్ళినా సంగటి ఉడుకుతుంది! ఇనుము మాత్రతో వికారం హెచ్చితే మీ అంతట మీరు మానక, డాక్టరమ్మను అడగండి.

సుదక్షిణ మట్టి తిన్నదని మీరు బలపాలు నమలవద్దు. ఆ కోరిక రక్తం తక్కువైందనడానికి గుర్తు కావచ్చు. పరీక్ష చేయించుకోండి.

మందుల షాపువాడు ఇచ్చిన మాత్ర వేసుకోవద్దు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడొమైడును వేవిళ్ళకు కూడా వాడారు. 1961లో దాన్ని ఆపేలోగా ఎన్నో దేశాల్లో వేలాది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అలాగని మందే వద్దని మొండికెయ్యనూ కూడదు. గర్భిణులకు నిరపాయమని ఏళ్ళ తరబడి వాడుకలో తేలిన మందులు నేడున్నాయి. అవి డాక్టరు చేతి మీదుగా రావాలి, అంతే.

అసలు భయపడవలసినది ఒకటుంది. తాగిన నీళ్ళు కూడా రోజంతా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగుకు తిరిగినా, లేస్తే కళ్ళు తిరిగినా, బరువు తగ్గిపోతున్నా, వాంతిలో నెత్తురు కనిపించినా అది ఇక మామూలు వేవిళ్ళు కాదు. మా సీమ ఎండల్లో వాంతితో పోయే నీటికి చెమట తోడవుతుంది, ఒళ్ళు త్వరగా ఎండిపోతుంది. దిష్టి తీసి, తాయెత్తు కట్టి, తెల్లారనీ చూద్దామనవద్దు. ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తే తేరుకునే మనిషిని ఇంట్లో ఉంచి ప్రాణం మీదికి తేవద్దు. 108కు ఫోను చెయ్యండి.

సుశ్రుతుడు గర్భిణిని రెండు హృదయాలు కలదన్నాడు. ఆమె అడిగింది ఇవ్వమన్నాడు. మన కోడలు అడిగేది ఇంద్రలోకపు పారిజాతం కాదు. "ఈ పూట నన్ను వంటింట్లోకి పిలవద్దండీ" అని, అంతే. ఆ మాత్రం ఇవ్వలేమా?