తండా పలుకు – బడి పలుకు

పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటల కూలికై ఓడలెక్కి మారిషస్ ద్వీపమునకు పోయిన తెలుగువారి సంతతి నేటికిని ఉగాది జరుపుకొనుచున్నది. సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నది. ఆ దేశప్రభుత్వము ఉగాదికి సెలవు కూడ ఇచ్చుచున్నది. ఈ మాట వినిన తెలుగువాని యెద పొంగును. పరాయినేలపై తాతల దైవమును, తల్లి పలుకును విడువనివారిని మెచ్చుకొనుట సహజమే. అయితే తెలుగునేలకే దూరదేశమునుండి తరలివచ్చి, తమ దైవమును, పలుకును నిలుపుకొన్న లంబాడీల యెడ ఆ మెప్పు ఏమైపోవుచున్నది?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో చిన్న చిన్న తండాలుగా నివసించు వీరు తమను 'గోర్' అని చెప్పుకొందురు. వీరి పూర్వులు రాజస్థానము వైపునుండి ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని దక్కనుకు దిగివచ్చిరి. మొగలు సేనలకు తిండిగింజలు చేరవేసినవి వీరి బిడారులే. రైళ్లు వచ్చిన పిమ్మట ఎద్దుల వర్తకము కూలెను. 1871లో మొదలైన చట్టముతో బ్రిటిషు ప్రభుత్వము సంచారజాతులను పెక్కింటిని నేరజాతులని ముద్రవేసెను. బ్రతుకుతెరువు పోయినవారు అడవి అంచులను చదును చేసి సేద్యమునకు దిగిరి. ఆ నేలకొరకు పోరాడిరి. జనగామ సమీపమున ధర్మాపురములో దొరల దౌర్జన్యము నెదిరించి, తెలంగాణ సాయుధపోరాటమున ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్ ఈ తండాల బిడ్డయే.

వీరి భక్తి నిరాడంబరము. ఆషాఢమున తండా పొలిమేరలో శీతలా భవానికి మ్రొక్కి, పశువులను, పసివారిని చల్లగా కాపాడుమని వేడుకొందురు. శ్రావణమున తీజ్ పండుగ వచ్చును. పెండ్లికాని బాలికలు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిదినాళ్లు నీరు పోసి, మొలకలను పాటలతో సాగనంపి నీట కలుపుదురు. పదునెనిమిదవ శతాబ్దమునకు చెందిన సేవాలాల్ మహారాజు వీరికి గురువు. ఫిబ్రవరి 15న ఆయన జయంతి జరుపుదురు.

ఈ విశ్వాసమంతయు పాటలలోనే యున్నది. గోర్ బోలీకి సొంత లిపి లేదు. మహారాష్ట్రమున దేవనాగరిలోను, తెలంగాణమున తెలుగు లిపిలోను వ్రాయుచున్నారు. వ్రాసినది స్వల్పము, ముసలితల్లుల నోట నున్నది అపారము. ఒక అవ్వ కన్నుమూసినచో ఆమెతోపాటు ఎన్ని పాటలు పోవునో ఎవరు లెక్కింపగలరు?

ఇచ్చటనే బడి బాధ్యత వచ్చుచున్నది. తండా పిల్లవాడు తల్లిని 'యాడి' యనును, నీళ్లను 'పాణి' యనును. తరగతిలో ఆ మాట దొర్లినప్పుడు తోటివారు నవ్వుదురు. ఉపాధ్యాయుడు తప్పు దిద్దును. నాలుగునాళ్లకు పిల్లవాడు తన పలుకును ఇంటివద్దనే దాచి బడికి వచ్చుట నేర్చుకొనును. తుదకు ఇంటివద్దను విడిచిపెట్టును. తెలుగు, ఇంగ్లీషు రానిదే బ్రతుకు సాగదు గనుక ఇది తప్పదని కొందరందురు. తెలుగు రావలెననుట నిజమే. కాని అందులకై తల్లి పలుకును బలి యీయనక్కరలేదు. అత్తవారింటికి పోవు పెండ్లికూతురు ఏడ్చుచు పాడు పాటను లంబాడీలు 'ఢావ్లో' అందురు. ఆ పేరుతోనే రమేశ్ కార్తీక్ నాయక్ తెలుగులో కథలు వ్రాసి 2024లో సాహిత్య అకాడెమీ యువపురస్కారము పొందెను. తండా పాటవలన తెలుగు కథకు బలమే కలిగినది.

2018 నాటి చట్టముతో తండాలు పెక్కు గ్రామపంచాయతీలైనవి. పాలన తండాకు చేరినట్లే తండా పలుకు బడికి చేరవలెను. ఇందులకు పెద్ద యేర్పాట్లు అక్కరలేదు. తీజ్ నాళ్లలో ప్రతి విద్యార్థి తన యింటి అవ్వనడిగి ఒక పాటను తెలుగు లిపిలో వ్రాసి తెచ్చి, అర్థము చెప్పి, తరగతిలో చదివినచో చాలును. ఉపాధ్యాయుడు వారివద్ద ఇరువది మాటలైనను నేర్చినచో మరియు మేలు. మారిషస్ తెలుగుబిడ్డ ఉగాదిపాట పాడిన మెచ్చుకొను తెలుగువారు, మహబూబాబాదు తండా బాలిక తీజ్ పాటను అదే చెవితో వినవలసియున్నది.