నూతిలో ద్రోయబడిన స్త్రీ

జపాను దేశపు బొమ్మల చిత్రములును భయానక చిత్రములును నేడు తెలుగు మాటలతో సైతము మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. ఇవి పిల్లలను చెఱచుననియు, వీనిని నిషేధింపవలయుననియు కొందఱు పెద్దలు కోపించుచున్నారు. బొమ్మలే కదా యని యువకులు నవ్వి యూరకుండుచున్నారు. ఈ రెండు వాదములును విచారణ లేనివే. ఆ చిత్రములలో స్త్రీని ఏ రూపమున జూపుచున్నారు, ఎవరి కన్నులతో జూపుచున్నారు అని ప్రశ్నించుటయే విజ్ఞుల కర్తవ్యము.

జపాను కథలలో ప్రసిద్ధికెక్కిన దయ్యములు పెక్కు స్త్రీలే. నాల్గవ త్సురుయా నంబొకు రచించి 1825లో ప్రదర్శింపబడిన కబుకీ నాటకమున ఓయివా యను ఇల్లాలు కలదు. ఆమె భర్తను తమ కన్యకకు వరునిగా గోరిన పొరుగువారు పంపిన విషముచే ఆమె ముఖము వికృతమగును. భర్త యామెను విడనాడును. మరణించిన పిదప ఆమె పగ దీర్చుకొనును. ఓకికు యను సేవకురాలు యజమానుని కోరికకు లొంగనందున, పది పళ్లెములలో నొకటి పోయినదను నెపమున జంపబడి నూతిలో బడవేయబడెనని మఱియొక కథ. 1998లో నకాత హిదెయో తీసిన 'రింగు' చిత్రములోని సదాకో యును నూతిలో ద్రోయబడినదే.

ఈ కథలన్నింటి సారమొక్కటే. బ్రదికియున్నప్పుడు ఆమె మొఱ నాలకింపనివారు, చచ్చిన పిమ్మట ఆమె పేరు విన్న గడగడ వణకుచున్నారు. 'రింగు'కు మూలమైన సుజుకి కోజి నవలలో (1991) రహస్యము నన్వేషించు పత్రికారచయిత పురుషుడు. చిత్రమున నతనిని ఒక బిడ్డతల్లిగా మార్చిరి. ఆమె నూతిలోనికి దిగి ఆ యస్థులను అక్కున జేర్చుకొనును. అయినను శాపము తీరదు. జరిగిన యన్యాయము ఒక్కరి జాలితో మాసిపోవునది కాదని దీని భావముగా మేము గ్రహించుచున్నాము.

బొమ్మల చిత్రములలోను ఉత్తమములు లేకపోలేదు. కోన్ సతోషి తీసిన 'పర్‌ఫెక్ట్ బ్లూ' (1997) పాటకత్తె వృత్తిని విడిచి నటియైన యువతి కథ. ఆమె తన మనస్సులోని బొమ్మవలెనే యుండవలెనని పట్టుబట్టిన యభిమాని తుదకు ఆమెను జంప జూచును. మియజాకి హయావో తీసిన 'స్పిరిటెడ్ అవే' (2001) బెర్లిన్‌లో స్వర్ణ భల్లూకమును, 2003లో ఆస్కార్ బహుమానమును బడసినది. అందలి చిహిరో పదియేండ్ల పిల్ల. దేవతల స్నానశాలలో ఒడలు వంచి పనిచేసి తల్లిదండ్రులను విడిపించుకొనును. అందు భయము కలదు; కాని బాలికను కంటికి విందుగా జూపు నీచత్వము లేదు. 2011 నాటి 'మదోకా మాజికా'లో వరములాశ చూపి బాలికల నిరాశను ఇంధనముగా వాడుకొను వంచన వర్ణింపబడినది.

చిత్రవ్యాపారమున గొంత భాగము చేయుచున్నదియు నట్టి వంచనయే. కథకు బనిలేని చోట పాఠశాల బాలిక శరీరమును వెలకు బెట్టుట, ఆమె యేడ్పును వినోదముగా అమ్ముట కళ యనిపించుకొనదు. బాధను జూపి ద్రోహిని పట్టి యిచ్చు చిత్రము వేఱు. బాధనే రుచిగా వడ్డించు చిత్రము వేఱు.

జపాను ప్రభుత్వము 2014లో చట్టమును సవరించి, నిజమైన పిల్లల అశ్లీల చిత్రములను దగ్గఱ నుంచుకొనుటయే నేరమని శాసించెను. చేతితో గీచిన బొమ్మలను మాత్రము విడిచిపెట్టెను. కలమునకు సంకెల తగదని చిత్రకారులును ప్రకాశకులును వాదించిరి. పత్రికలనుండి ధరావతు గుంజిన 1910 నాటి ముద్రణ చట్టము నెఱిగిన మన దేశీయులకు ఆ భయము నిష్కారణమని తోపదు. అయినను చట్టము విడిచినదెల్ల ధర్మము కాదు. శాసనము చేరలేని తావున విమర్శ చేరవలెను.

పరదేశీయులను నిందించుటతో మన పని తీరదు. మన తెరపై మాత్రము దయ్యమనగా తెల్లచీరయు విరబోసిన జుట్టును గల యాడుది కాదా? కావున తల్లిదండ్రులారా, మీ పిల్లలు చూచు చిత్రమును వారి ప్రక్కన గూర్చుండి చూడుడు. చదువరులారా, పఠనమందిరములలో వీనిని గూర్చి చర్చింపుడు. ఆమెను నూతిలో ద్రోసినవాడెవడు, ఆ ప్రొద్దున ఊరివారేమి చేయుచుండిరి అని అడుగుట మన బాలబాలికలకు నేర్పుడు. ఆ ప్రశ్న నేర్చినవాడు రేపు తన వీధిలో ఒక యాడుబిడ్డ మొఱ పెట్టినపుడు తలుపు మూసికొనడు.