చిరుతా, పిల్లా? తేల్చేది దూరమే

ఈ నెల ఉత్తరం వర్తూరు నుంచి వచ్చింది. రాసిన చెల్లెమ్మ పేరు వేయొద్దంది, వేయడం లేదు. ఆమె రాసిందిది:

"మా అన్న అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో ఒక ఫోటో తీసినాడు. ఎదురు గోడ దగ్గర ఏదో జంతువు ఉంది. అందరూ చిరుత అంటున్నారు. ఫోటో వీధంతా తిరిగింది. అప్పట్నించీ అమ్మ నన్ను రెండో షిఫ్టుకు పంపడం లేదు. ఎనిమిది రోజుల కూలి పోయింది, ఈ నెల హాజరు బోనసు కూడా పోయినట్టే. ఫోటో చూసి అది చిరుతో కాదో చెప్పే దారేమైనా ఉందా సార్?"

అమ్మ భయాన్ని తప్పు పట్టలేం. ఆ పక్కన ఉన్నవాళ్ళెవరూ 2016 ఫిబ్రవరి 7 ఆదివారం మర్చిపోలేదు. వర్తూరుకు దగ్గరలోనే ఉన్న కుందలహళ్ళిలో ఒక ప్రైవేటు బడిలోకి నిజంగానే చిరుత జొరబడింది. సెలవు రోజు కాబట్టి పిల్లలు లేరు. పట్టుకోబోయినవాళ్ళలో కొందరికి గాయాలయ్యాయి. చిరుతల మీద పరిశోధన చేసే సంజయ్ గుబ్బి గారినీ అది కరిచింది. చివరికి మత్తుమందు సూది వేసి పట్టుకున్నారు. ఆ వారంలోనే మళ్ళీ కనబడిందన్న మాట పుట్టి, చుట్టుపక్కల చాలా బడులకు సెలవు ఇచ్చారు. కాబట్టి "ఇక్కడ చిరుత ఎందుకొస్తుందిలే" అని కొట్టిపారేయకూడదు. అలాగని ప్రతి ఫోటోకూ షిఫ్టు మానుకుంటే ఇల్లు గడవదు. కొలిచి చూడటమే మేలు.

పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ముందు ఫోటో చూశాను. గోడకట్టు వరసలతో పోల్చి చూస్తే జంతువు భుజం మూడు వరసల ఎత్తుకు వస్తోంది. వరస 21 సెంటీమీటర్లు. మూడు వరసలంటే 60 పైనే. పెద్ద చిరుత భుజం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. వీధివాళ్ళు ఈ లెక్కే వేసుకుని హడలిపోయారు. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. జంతువు గోడను ఆనుకుని నిలబడి ఉంటేనే ఇది చెల్లుతుంది. ఇవతల, ఫోన్‌కు దగ్గరగా ఉంటే చిన్న జంతువైనా పెద్దగా కనబడుతుంది.

చెయ్యి చాచి బొటనవేలు కంటికి అడ్డం పెట్టండి. దూరంగా వచ్చే మిల్లు బస్సు మొత్తం ఆ వేలి వెనక దాక్కుంటుంది. స్టాపులోకి వచ్చాక డ్రైవరు తలకాయ కూడా దాగదు. బస్సు పెరగలేదు, దూరం తగ్గింది. కెమెరా లెన్సుకూ ఇదే నియమం. వస్తువు రెట్టింపు దూరం పోతే బొమ్మ సగమవుతుంది. వస్తువు ఎత్తుకూ దాని దూరానికీ ఏ నిష్పత్తి ఉందో, లెన్సు వెనక పడే బొమ్మ ఎత్తుకూ, లెన్సు నుంచి ఆ బొమ్మకు ఉన్న దూరానికీ అదే నిష్పత్తి. లెన్సు వెనకున్న ఈ దూరాన్నే పిల్లల బడి పుస్తకాల్లో నాభ్యంతరం అంటారు. ఫోన్‌లో ఇది కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని మనం నేరుగా కొలవలేం, కొలవాల్సిన పనీ లేదు. ఒక కర్ర ఉంటే చాలు.

ఇలా చేశాం. అన్న ఫోన్‌తోనే, జూమ్ వేయకుండా, ఒక మీటరు కర్రను నిటారుగా పెట్టి సరిగ్గా 2 మీటర్ల దూరం నుంచి ఫోటో తీశాం. ఆ ఫోటోనూ, రాత్రి ఫోటోనూ స్టూడియోలో ఏమీ కత్తిరించకుండా ఒకే సైజులో ప్రింటు వేయించాం. ప్రింటు మీద కర్ర 100 మిల్లీమీటర్లు వచ్చింది. 2 మీటర్లను 100తో గుణించి, కర్ర ఎత్తు 1తో భాగిస్తే 200. ఆ ఫోన్‌కూ, ఆ ప్రింటు సైజుకూ అదే తాళంచెవి. నమ్మకం కోసం 4 మీటర్ల దగ్గరా కర్ర పెట్టి చూశాం. 50 మిల్లీమీటర్లు వచ్చింది. సరిపోయింది.

ఇక సూత్రం ఇంతే: 200ను వస్తువు అసలు ఎత్తుతో, మీటర్లలో, గుణించి, ప్రింటు మీద దాని ఎత్తుతో, మిల్లీమీటర్లలో, భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది.

మొదట గోడ. సిమెంటు బ్లాకులు 10 వరసలు, అంటే 2.1 మీటర్లు. ప్రింటు మీద 35 మిల్లీమీటర్లు. 200ను 2.1తో గుణిస్తే 420, దాన్ని 35తో భాగిస్తే 12 మీటర్లు. టేపు పట్టి చూస్తే గేటు నుంచి గోడకు 12 మీటర్ల మీద ఒక జానెడు. లెక్క తప్పలేదు.

తర్వాత జంతువు. దాని కాళ్ళు ఎక్కడ ఆనాయో చూడాలి. ఫోటో పెద్దది చేసి చూస్తే అది గోడ దగ్గర లేదు. మోరీ మీద మూల పగిలిన బండ పక్కనే నాలుగు కాళ్ళూ ఆనించి ఉంది. ఆ బండ వెడల్పు 60 సెంటీమీటర్లు. ప్రింటు మీద 17 మిల్లీమీటర్లు. 200ను 0.6తో గుణిస్తే 120, దాన్ని 17తో భాగిస్తే 7 మీటర్లు. అంటే జంతువు గోడకన్నా ఐదు మీటర్లు ఇవతల ఉంది.

ఇప్పుడు లెక్క తిప్పుదాం. ప్రింటు మీద పాదం నుంచి భుజం దాకా 11 మిల్లీమీటర్లు. 11ను 7తో గుణించి 200తో భాగిస్తే 0.385, అంటే దాదాపు 38 సెంటీమీటర్లు. గోడ దగ్గరుందనుకుని 12తో గుణిస్తే 66 వస్తుంది. ఒకే ఫోటో, ఒకే బొమ్మ. దూరం మార్చితే పిల్లి చిరుతైపోయింది!

38 సెంటీమీటర్లంటే ఇంటి పిల్లికి ఎక్కువ, పెద్ద చిరుతకు చాలా తక్కువ. అడవిపిల్లికి సరిగ్గా సరిపోతుంది. చెరువు గట్ల మీద, జమ్ములో ఎలుకల కోసం తిరిగేది అదే. అయితే చిరుత పిల్ల కూడా ఆ ఎత్తే ఉండొచ్చు కదా అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్న. అందుకే తోక చూశాం. చిరుత తోక చాలా పొడుగు, ఒళ్ళంతా గుండ్రటి మచ్చలు. ఈ జంతువు తోక పొట్టిది, వెనక కాలి మడమ దాకా కూడా రాదు. చివర నల్లటి పట్టీలు. ఒంటి మీద మచ్చల్లేవు. ఎత్తూ, తోకా రెండూ ఒకే మాట చెప్పాయి.

మీరూ ఇలా కొలవాలంటే మూడు సంగతులు మర్చిపోవద్దు. చేతులు మారి వచ్చిన ఫోటో పనికిరాదు, దారిలో ఎవరో కత్తిరించి ఉంటారు. తీసిన ఫోన్‌లోని అసలు ఫోటోనే కావాలి. జూమ్ వేసి తీసుంటే అదే జూమ్‌తో కర్ర ఫోటో తీయాలి. జంతువు కాళ్ళు కనబడకపోతే దూరం తేలదు. అలాంటప్పుడు చిరుత కాదని ధైర్యం చెప్పొద్దు. 112కు ఫోన్ చేసి, తలుపులేసుకుని, పిల్లల్ని లోపల ఉంచండి. కొలుద్దామని దాని దగ్గరికి మాత్రం పోవద్దు. కొలత పగటిపూట పని.

లెక్క కాగితం అమ్మ చేతిలో పెట్టాను. ఆమె గుణకారం చూడలేదు. మోరీ బండ దగ్గరికి వెళ్ళి నిలబడి, గోడకేసి ఒకసారి, గేటుకేసి ఒకసారి చూసి, "ఇంత దగ్గరుందా" అంది. సోమవారం నుంచి చెల్లెమ్మ షిఫ్టుకు వెళ్తోంది. స్టాపు నుంచి ఇంటిదాకా అన్న టార్చి పట్టుకుని తోడు వస్తున్నాడు. చిరుత లేదని తేలినా ఆ తోడు మాత్రం మానొద్దని చెప్పాను. చీకట్లో ఒంటరిగా నడిచే ఆడపిల్లకు భయపడాల్సినవి వేరే కూడా ఉన్నాయి. వాటిని కొలిచే కర్ర నా దగ్గర లేదు.