తలక్రిందుల లెక్క

మన పాఠశాలలలో నొక మంత్రము కలదు: “భాజకమును తలక్రిందులు చేసి గుణింపుము.” భిన్నమును భిన్నముచే భాగింపవలసినప్పుడెల్ల పిల్లలు దీనిని జపింతురు. జపించినవారికి మార్కులు ఫలించును. ఎందుకు తలక్రిందులు చేయవలయునని యడిగినచో తరగతిలో నొక్క చేయియైనను లేవదు. ఉపాధ్యాయునే యడిగినచో నాతడు గడియారమువంక చూచును. దీనిని విద్య యనుట విద్యకే యపచారము.

పరులను నిందించుటకు ముందు నా తప్పు నేనొప్పుకొందును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నొకనాడు 3/4 ను 1/16 చే భాగించి, 12 అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసలోని యొక బాలిక లేచి, “భాగిస్తే తగ్గాలి గదండీ, పెరిగిందేమిటి?” అని యడిగెను. “సూత్రం చెప్పినట్లు చెయ్యి, కూర్చో” అంటిని. ఆమె కూర్చుండెను, ఆ యేడంతయు మరల ప్రశ్న యడుగలేదు. ఆనాడు మా తరగతిలో నాలోచించినది ఆమె యొక్కతెయే. ఆ నోరు మూయించినవాడను నేను.

ఆమె కోరిన సమాధానము మన వంటయిండ్లలోనే యున్నది. మా ప్రాంతపు పాతకొలతలలో మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. అనగా గిద్ద మానికలో వీసము. ముప్పావు మానిక బియ్యములో గిద్దలెన్ని? మానికకు పదునాఱు గనుక ముప్పావునకు పండ్రెండు. భాగించుట యనగా ‘ఇందులో నవి యెన్ని యున్నవి?’ అని యడుగుటయే. కొలపాత్ర చిన్నదైన కొలది కొలతల లెక్క పెరుగును. మానికలో పదునాఱు గిద్దలున్నవి గనుకనే 1/16 చే భాగించుట 16 చే గుణించుటయైనది. తలక్రిందులలోని రహస్యమింతియే. ఆ పాత్రలు నేడు మూలబడిన నేమి? పావుకిలోయు నరలీటరును ప్రతి యింటను గలవు.

అర్థము చెప్పనిచో నేమగును? 1/2 కు 1/3 కలుపుమనగా, పైయంకెలను క్రిందియంకెలను వేఱువేఱుగ కూడి 2/5 అని వ్రాయు పిల్లలను నేనేటేట చూచుచున్నాను. సగమునకు మఱికొంత కలుపగా సగముకంటె తక్కువ వచ్చునా? ఇంట మిఠాయి పంచునపుడు పిసరంత తగ్గినను ఊరుకొనని బిడ్డ, పుస్తకములో నింత యన్యాయమును మాఱుమాటాడక సహించుచున్నాడు. లెక్కలలో బుద్ధిని వాడరాదని మనమే నేర్పితిమి గదా!

ఋణమును ఋణముచే గుణించిన ధనమనుట రెండవ మంత్రము. బ్రహ్మగుప్తుడు 628 లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున నీ నియమములను చెప్పుచు ధన ఋణ శబ్దములనే వాడెను. ధనమన కలిమి, ఋణమన అప్పు. అరరూపాయి చొప్పున మూడప్పులు కొట్టివేసినచో రూపాయిన్నర లాభము గదా! మాటలోనే యర్థముండగా దానిని దాచి, గుర్తులను మాత్రము వల్లె వేయించుచున్నాము.

“మన పూర్వులు సూత్రములు వల్లించియే పండితులైరి” అని కొంద ఱందురు. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో భాజకముయొక్క లవహారములను తాఱుమాఱు చేయుమని చెప్పినమాట నిజమే. కాని యా లీలావతికే గణేశదైవజ్ఞుడు 1545 లో బుద్ధివిలాసిని యను వ్యాఖ్య వ్రాసి, సూత్రములకు ఉపపత్తులు చూపెను. పూర్వుల సూత్రమును గైకొని ఉపపత్తిని పాఱవైచువారు సంప్రదాయ రక్షకులెట్లగుదురు?

“పాఠ్యభాగము పెద్దది, కాలము చాలదు” అని మఱికొందఱు. తెలియక వల్లించిన సూత్రమును పిల్లవాడు నెల తిరుగకమునుపే మఱచును. లేదా విభాజ్యమును తలక్రిందులు చేయును. అప్పుడు మరల చెప్పుటకు కాలమెక్కడినుండి వచ్చుచున్నది? సూత్రము వలదని నేననను. అర్థము ముందు, సూత్రము వెనుక రావలయునందును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ బడినుండి రాగానే మార్కులెన్నియని యడుగుచున్నారు. ఇకమీద ‘ఎందుకట్లు చేసితివి?’ అని కూడ నడుగుడు. బిడ్డ చెప్పలేకపోయినచో బిడ్డను కోపింపక, బడికి వచ్చి మమ్ము నడుగుడు. ముఖ్యముగ మీ యాడుబిడ్డలు ప్రశ్న యడిగి కూర్చుండబెట్టబడినారేమో విచారింపుడు. అట్లు కూర్చుండబెట్టినవాడనై, యీ మాట చెప్పుచున్నాను.