రేడియోలో మన పేరు



క్రిందటి నెల యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ, “అయ్యగారూ, మీరు ఒకప్పుడు రేడియోలో సినిమా పాటలు వేసేవారట, నిజమేనా?” అని అడిగాడు. నిజమే అన్నాము. అతడు నవ్వి వెళ్ళిపోయాడు. కాని ఆ ప్రశ్న మాలో ఎన్నో జ్ఞాపకాలను లేపింది. వాటిలో సంతోషించదగినవి ఉన్నాయి, సిగ్గుపడవలసినది ఒకటి ఉన్నది. ఏదీ దాచకుండా ఈ నెల మీతో చెప్పుకుంటున్నాము.

మా నాన్నగారు సువార్తికులు. బూర్గంపాడు దగ్గర, గోదావరికి ఎంతో దూరం లేని పల్లెలో మా పెంకుటిల్లు. ఇంట్లో విలువైన వస్తువు ఏదైనా ఉంటే అది తోలు తొడుగు వేసిన పాత మర్ఫీ రేడియో ఒక్కటే. నాన్నగారు దానిలో విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు వినేవారు. రాత్రిపూట షార్ట్ వేవ్ మీద, సముద్రం అవతల సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియోవారి తెలుగు సందేశం గరగర శబ్దాల మధ్య వచ్చేది. అది వినేటప్పుడు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. అయితే సినిమా పాట మొదలైతే చాలు, నాన్నగారి చెయ్యి మీట మీదకు వెళ్ళేది. “సెల్లులు ఊరికే అయిపోతాయి” అనేవారు. అసలు కారణం సెల్లులు కాదని మా అందరికీ తెలుసు.

ఆయన పల్లెలకు వెళ్ళిన రోజున మాత్రం కథ వేరు. అమ్మ నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి, కాస్త వేడెక్కాక రేడియోలో వేసి, పొయ్యి దగ్గర పెట్టుకొని పాటలు వినేది. పిల్లలము వంతులవారీగా గుమ్మంలో కాపలా ఉండేవాళ్ళము. సైకిలు గంట వినబడితే రేడియో నోరు మూసుకునేది.

పెద్దయ్యాక తెలిసినది ఏమంటే, మా ఇంట్లో జరిగినదే ఒకప్పుడు దేశమంతటా జరిగింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు. శాస్త్రీయ సంగీతమే జనానికి మేలు అని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమైపోయాయి. జనం ఏమి చేశారు? రేడియో కట్టేశారా? లేదు. ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. అదే 1952లో అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా అక్కడ మొదలై దేశమంతా మారుమోగింది. సిలోన్ నుండి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మన పెద్దవారిలో చాలామందికి ఇంకా గుర్తే. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణివారే వివిధభారతి ప్రారంభించి, వద్దన్న పాటలను తామే వేయవలసి వచ్చింది. ఇంకొక సంగతి వింటే సంఘాలలో పాడేవారు ఆశ్చర్యపోతారు. మన ఆరాధనలో ఇంతగా కలిసిపోయిన హార్మోనియమును కూడా 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి తన స్టూడియోలలోకి రానివ్వలేదు.

కొత్తగూడెంలో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం 1989లో మొదలైంది. అప్పుడు మాకు పదేళ్ళు. మా మర్ఫీకి ఎఫ్.ఎం. లేదు. నాన్నగారు ఎంతో ఆలోచించి, పాల్వంచలో ఒక చిన్న సెట్టు కొన్నారు. మీడియం వేవ్ నేలను పట్టుకొని చాలా దూరం పాకుతుంది. ఎఫ్.ఎం. తరంగం అలా కాదు, తిన్నగా పోతుంది, గుట్ట అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది. మాది గుట్టల దేశం. అందుచేత ఇంటి వెనుక వెదురు గడ పాతి, దాని చివర రాగి తీగ కట్టి, ఒకరు గడను తిప్పుతూ ఉంటే ఇంకొకరు లోపలి నుండి “ఆఁ, వచ్చింది, అట్లనే ఉంచు” అని కేకలు వేసేవాళ్ళము.

దూరపు పట్టణాల గొంతులు విన్న చెవులకు మన ఊరి పేర్లు రేడియోలో రావడం వింతగా ఉండేది. ఇల్లెందు, మణుగూరు, అశ్వారావుపేట అని ఎవరో చక్కగా పలుకుతుంటే, అవి ఇంత అందమైన పేర్లా అనిపించేది. తునికాకు కట్టలు కట్టేవారు, సింగరేణి గనిలో షిఫ్టు దిగి వచ్చినవారు, పశువుల వెంట రేడియోను భుజానికి తగిలించుకొని అడవికి వెళ్ళేవారు, అందరూ శ్రోతలే. కోరిన పాట కోసం అప్పటి 15 పైసల కార్డు రాస్తే, పాటకు ముందు మన పేరు, ఊరి పేరు చదివేవారు. హిందీ శ్రోతలకు ఝుమ్రీ తలైయా ఎలాగో, మాకు మా గూడేలు అలాగు. ఆ ఊరు ఇప్పటి ఝార్ఖండ్‌లో ఉన్నది. అక్కడివారు పాటలు కోరుతూ రాసిన కార్డులవల్లనే దాని పేరు దేశమంతా తెలిసింది.

1990 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 70.8 అడుగులకు వచ్చింది. నాలుగేళ్ళ క్రితమే, 1986 ఆగస్టులో, 75.6 అడుగుల వరద చూసిన గుండెలు మావి. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారంటే ఆ నీళ్ళు ఎంతో మీరే ఊహించుకోండి. మిట్ట మీది బడిలో తలదాచుకొని ఆ చిన్న సెట్టు చుట్టూ కూర్చున్నప్పుడు, అది పాటల పెట్టె మాత్రమే కాదని మా నాన్నగారికీ అర్థమైంది. ఆ తరువాత ఆయన సెల్లుల మాట ఎత్తడం తగ్గించారు. సినిమా పాట వస్తే మీట మాత్రం తిప్పుతూనే ఉన్నారు.

డిగ్రీ చదివే రోజులలో, 2000వ సంవత్సరంలో, స్వర పరీక్షకు వెళ్ళి ఆ కేంద్రంలోనే క్యాజువల్ అనౌన్సరుగా ఎంపికయ్యాము. నెలకు ఐదారు డ్యూటీలు. తెల్లవారుజామున వెళితే మొదట ఆకాశవాణి సంకేత సంగీతం వేయాలి. మన ఊళ్ళను మేలుకొలిపిన ఆ రాగాన్ని కూర్చినవాడు, యూరపు విడిచి బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడని అక్కడి పెద్దలు చెప్పారు. దళసరి తలుపు, ఎర్ర దీపం, స్పూలు టేపులు, క్యూషీటు, పోస్టుకార్డుల కట్ట. ఎర్ర దీపం వెలిగిందంటే కుర్చీ కిర్రుమన్నా ఊరంతటికీ వినబడుతుంది.

ఉద్యోగం సంగతి నాన్నగారికి భయపడుతూ చెప్పాము. ఆయన ఏమీ అనలేదు. మొదటి డ్యూటీ చేసి ఇంటికి వచ్చాక అమ్మ చాటుగా చెప్పింది: “మీ నాన్న గంటసేపు కదలకుండా కూర్చున్నారురా. పాటలన్నీ విన్నారు. మధ్యలో నువ్వు ఎప్పుడు మాట్లాడతావో అని.” తన కుమారుని రెండు మాటల కోసం ఆయన తనకు ఇష్టంలేని పాటలన్నీ ఓర్చుకున్నారు. ఆయన ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది గాని, ఆ గంటను మేము మరువలేము.

ఇప్పుడు సిగ్గుపడవలసిన సంగతి.

రేడియోలో గొంతు వినబడితే బస్టాండులో జనం తిరిగి చూసేవారు. ఇరవై రెండేళ్ళు నిండని మనిషికి అది కల్లు తాగినంత పని చేస్తుంది. ఒక సాయంత్రం కార్డులు చదువుతుండగా ములకలపల్లి వైపు ఒక గూడెం నుండి వచ్చిన కార్డు చేతికి వచ్చింది. పెన్సిలు రాత. వంకర అక్షరాలు, వత్తులు లేవు, సినిమా పేరు సగమే ఉన్నది. మేము పేరు చదివి, “ఈ శ్రోతగారు వత్తులన్నీ అడవిలోనే వదిలేసి వచ్చినట్టున్నారు” అని నవ్వాము. పాట వేశాము. ఎర్ర దీపం ఆరగానే డ్యూటీలో ఉన్న పెద్దాయన లోపలికి వచ్చి, “కార్డు రాసినవాడు వింటూనే ఉంటాడు బాబూ” అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. తరువాతి డ్యూటీలో క్షమించమని చెప్పవచ్చును. చెప్పలేదు. ఆ మాట అన్నది మేమే, చెప్పక ఊరుకున్నదీ మేమే.

ఆ తరువాత వేదాంత విద్యలో డిప్లొమా చేయడం, సేవకు రావడం జరిగాయి. సుమారు పదేళ్ళ క్రిందట ఒక గూడెంలో గృహకూడికకు వెళ్ళాము. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ, రేడియో రోజుల కబుర్లు చెబుతూ, నవ్వించుదామని ఆ వత్తుల హాస్యము కూడా చెప్పాము. అందరూ నవ్వారు. గోడకు ఆనుకొని కూర్చున్న ఇంటి పెద్దాయన నవ్వలేదు. కాసేపు ఆగి, నెమ్మదిగా అన్నాడు: “ఆ కార్డు నేను రాసిందే అయ్యగారూ.”

రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొని ఆయన తన చేత్తో రాసిన మొదటి ఉత్తరం అదేనట. పాట కోరింది భార్య కోసం. మూడు వారాలు సాయంత్రం కాగానే ఇరుగుపొరుగువారందరినీ పిలిచి రేడియో చుట్టూ కూర్చోబెట్టాడట. నాల్గవ వారం పేరు వచ్చింది, వెంటనే మా నవ్వు వచ్చింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. “పాటైతే వేశారు అయ్యగారూ, ఆ మాట అనకూడదు. కాని అది వినలేదు” అన్నాడు. ఆ తరువాత మళ్ళీ ఎవరికీ ఉత్తరం రాయలేదట.

మేము లేచి, ఆయన చేతులు పట్టుకొని, అందరి ముందర క్షమాపణ అడిగాము. ఆయన ఇబ్బంది పడ్డాడు. పొయ్యి దగ్గర నుండి ఆమె మాత్రం, “ఆ పాట ఇప్పుడు దొరుకుతుందా అయ్యగారూ?” అని అడిగింది.

ఆ గూడెంలో ఫోను పనిచేయదు. పట్టణంలో ఆ పాటను ఫోనులోకి ఎక్కించుకొని తరువాతి వారం వెళ్ళాము. ప్రార్థన జరిగే ఇంట్లో సినిమా పాటా అని దారిలో మాకే సందేహం వచ్చింది. గంటసేపు కూర్చున్న నాన్నగారు గుర్తుకు వచ్చారు. కూడిక ముగిసిన తరువాత, పాత పద్ధతిలో ఆయన పేరు, ఇంటి పేరు, గూడెం పేరు, ఎవరి కోసం కోరారో ఆమె పేరు, అన్నీ స్పష్టంగా పలికి పాట వేశాము. ఆమె గుమ్మానికి ఆనుకొని చివరి వరకు విన్నది. మేము ఒక కొత్త పోస్టుకార్డు కూడా తీసుకువెళ్ళాము. ఆయన దానిని తీసుకొని చూరులో దోపుకున్నాడు గాని, రాయలేదు. ఇప్పటికీ రాయలేదు. కొన్ని నష్టాలు క్షమాపణతో పూర్తిగా తీరవు.

ప్రియులారా, మనలో ఎవరమూ రేడియోలో మాట్లాడకపోవచ్చు. కాని సంఘములో ప్రకటనలు చదువుతాము, పెండ్లి పిలుపులు చదువుతాము, పిల్లల మార్కులు పదిమందిలో చెబుతాము, ఫోనులో వచ్చిన తప్పుల ఉత్తరాన్ని పదిమందికి చూపించి నవ్వుతాము. ఇంటికి వచ్చిన కోడలు పలుకుబడిని వెక్కిరిస్తాము. ఆ మాట వెళ్ళి తగిలే చోట ఎవరు కూర్చుని ఉన్నారో మనకు కనబడదు. వారు ఎన్ని వారాలు ఎదురుచూశారో అసలే తెలియదు.

మమ్మును ప్రశ్న అడిగిన ఆ అబ్బాయికి ఈ కథంతా చెప్పాము. వచ్చే ఆదివారం ప్రార్థన మనవుల చీటీలు చదివే పని అతనికే అప్పగించాము. శనివారం సాయంత్రమే చీటీలు తీసుకొని, అర్థంకాని రాత ఉంటే రాసినవారి ఇంటికి వెళ్ళి అడిగి, పేర్లు రెండుసార్లు పైకి చదువుకొని రమ్మన్నాము.