నలుగురూ కలిసి తిన్నప్పుడు

బబులోను రాజు భోజనం వద్దని దానియేలు శాకధాన్యాదులు అడిగినప్పుడు అతడు ఒంటరి కాడు. హనన్యా, మిషాయేలు, అజర్యా అతనితోనే ఉన్నారు. పది దినాల పరీక్షకు నిలబడే ధైర్యంలో ఆ తోడుకూ పాలు ఉందని మేము తలుస్తాము.

భద్రాచలం మన్యంలో అలాంటి తోడు కనిపిస్తోంది. ఒకప్పుడు పొలం కూలికి వెళ్లిన ఆదివాసీ స్త్రీలు ఐటీడీఏ శిక్షణతో, జట్టుగా చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారు. ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరిట అవి హైదరాబాదు నుండి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో చెప్పారు. సంతోషమే. అయితే బిస్కెట్టు పూట భోజనం కాదు కదా!

మన ఇళ్లలో జొన్న, సామ, కొర్ర అంటే లేనివాళ్ల తిండి అనే నామోషీ ఇంకా పోలేదు. నీరసపడిన తల్లికి ‘రాగులు తినమ్మా’ అని చెబుతాం. ఇంట్లో పిల్లలు మూతి తిప్పితే ఆ మాట అక్కడితో సరి. అదే పదిమంది ఒకచోట వండి, ఉప్పు చాలలేదని నవ్వుకుని తింటే, ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి మీద పెట్టే ధైర్యం వస్తుంది.

ఖమ్మం నుండి అడవి అంచు దాకా సంఘాలలో స్త్రీల కూడికలున్నాయి, ప్రేమవిందు పాత్రలూ ఉన్నాయి. నెలకొకసారి జొన్నరొట్టె, మునగాకు పప్పు వండుకుందాం. నేర్పడానికి కోయ అమ్మమ్మలనే పిలుద్దాం.